దాటిపోయిన పళ్ళెం

"ఏమే, మీ నాన్నని అడుగు, టీ తాగుతారో లేదో."

నాన్న అక్కడే ఉన్నాడు. అడిగిన మనిషికీ ఆయనకీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మం. అయినా ఆ మాట వంటింట్లోంచి బయల్దేరి, నడవలో చెప్పులు తొడుక్కుంటున్న అమ్మాయి చెవిలో మజిలీ చేసి, అప్పుడుగానీ ముందుగదిలో కుట్టుమిషను దగ్గరికి చేరలేదు.

"నాన్నా, టీ తాగుతావా?"

"తాగుతానని చెప్పు."

"తాగుతాడటమ్మా."

"వినపడింది. నాకేం చెవుడు లేదు."

"మీ ఇద్దరి మధ్యా మాటలు మొయ్యడానికి నాకు జీతం ఎవరిస్తారో అది కూడా అడగనా?" అంది అమ్మాయి. ఇటువైపు నవ్వు లేదు, అటువైపు నవ్వు లేదు. పిల్ల నిట్టూర్చి ఆఫీసుకి వెళ్ళిపోయింది. ఇక ఆ ఇంట్లో మాటలు మొయ్యడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

ఆదివారం ఆరాధన అయినప్పటినుంచీ ఇదే వరస.

టీ వచ్చింది. ఇల్లాలు గ్లాసు తెచ్చి మిషను బల్ల మీద ఎడం పక్కన పెట్టి, మాట లేకుండా వెనుదిరిగింది. టైలర్ మాస్టరు నల్లకోటు ఒళ్ళో పెట్టుకుని సూదిలోకి నల్లదారం ఎక్కిస్తున్నాడు. దారం మొన పెదవుల మధ్య తడిపి ఒక్క దెబ్బకి బెజ్జంలోంచి లాగేశాడు. ఆ తర్వాత టీ ఇంకా రాలేదేమిటా అనుకుంటూ కాజా కుట్టడం మొదలుపెట్టాడు.

ఆవిడ ఖాళీ గ్లాసు కోసం వచ్చేసరికి టీ మీద మీగడ కట్టి ఉంది.

"నా చేతి టీ కూడా పనికిరాకుండా పోయిందన్నమాట."

మాస్టరు ఉలిక్కిపడి తల పూర్తిగా ఎడమకి తిప్పాడు. అప్పుడు కనిపించింది గ్లాసు.

"ఇక్కడ పెట్టావా?"

"మరి నెత్తిన పెట్టనా?"

"చూడలేదు," అన్నాడాయన.

లోకంలో ఇన్ని మాటలుండగా ఆ ఒక్క మాటే దొరికింది పాపం. ఆదివారంనుంచీ కట్టిపెట్టిన గంగ ఒక్కసారి కట్ట తెంచుకుంది.

"చూడలేదు! టీ గ్లాసునీ చూడలేదు, మా తమ్ముణ్ణీ చూడలేదు. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడుతుంది. సూది బెజ్జం కనపడుతుంది. నిలువెత్తు మనిషి చెయ్యి చాపుకుని కూర్చుంటే మాత్రం కనపళ్ళేదు. ఎవరికి చెప్తారండీ ఈ కథ?"

"నిజంగానే..."

"నేను పాటలవాళ్ళ వరసలో నించుని ఉన్నాను. నాకెదురుగానే జరిగింది. స్తంభం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు వాడు. మీరు రొట్టె పళ్ళెం పట్టుకుని వాడి పక్కనుంచే వెళ్ళారు. వాడి చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. మా అమ్మ పోయిన కొత్తలో అన్నం పెట్టమని నా దగ్గరికి వచ్చి అలాగే చాచేవాడు చెయ్యి."

మాస్టరు తేలు కుట్టిన దొంగలా కోటు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వాడు తాగే రోజుల్లో పెద్దల సభ కూర్చుని, వాడికి రొట్టె ఇవ్వొద్దని తీర్మానించారు. పళ్ళెం దాటించారు. నేను నోరెత్తానా? సభ మాట సభదని ఊరుకున్నాను. ఇప్పుడు వాడు మానేసి ఎన్నేళ్ళయింది! గుడి మెట్లెక్కనని భీష్మించుకున్నవాణ్ణి కాళ్ళావేళ్ళా పడి రప్పించాను. రప్పించి నేనేం చూపించాను వాడికి?"

"నేను కావాలని చెయ్యలేదు."

"అయితే వాడింటికి ఎందుకు వెళ్ళలేదు? ఆనాడు లెక్కల పంతులుగారు పొద్దున్న పళ్ళెం దాటించి, సాయంత్రానికల్లా వెళ్ళి వాడి గుమ్మంలో కూర్చున్నారు. వాడు తలుపు తియ్యకపోయినా కూర్చున్నారు. పెద్ద అంటే ఆయన. మీరు కాజాలు కుట్టుకోండి."

గ్లాసు తీసుకుని వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు కాసేపు ఆవిడ తరఫున మాట్లాడాయి.

*

ఆ సంఘంలో పెద్దరికం వయసుతో వచ్చేది కాదు, ఓటుతో వచ్చేది. ప్రెస్బిటేరియన్ క్రైస్తవ సంఘమంటే అంతే. సంఘస్థులు చీటీలు వేసి ఎన్నుకుంటారు. పాస్టరుగారూ పాత పెద్దలూ తల మీద చేతులుంచి పని అప్పగిస్తారు. ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ప్రభు బల్ల ఆదివారం బెంచీ బెంచీకీ రొట్టె పళ్ళెం తీసుకువెళ్ళేది వాళ్ళే. ఎవరినైనా సభ కొంతకాలం దూరంగా ఉంచితే, ఆ సంగతి ఎవరూ పైకి చదవరు, ఎవరి పేరూ ఎత్తరు. పళ్ళెం ఆ మనిషి దగ్గర ఆగకుండా ముందుకి వెళ్ళిపోతుంది. అంతే. ఆ నిశ్శబ్దంలో ఉన్న దెబ్బ ఏ తిట్టులోనూ ఉండదు. అందుకే అది ఎవరి జ్ఞాపకంలోనైనా ఒకటో రెండోసార్లు మాత్రమే జరిగింది. అందులో ఒకటి బావమరిదికి. ఇప్పుడు రెండోదీ వాడికే.

మొదటిది తీర్మానం. రెండోది, మాస్టరు ఒక్కడికే తెలుసు, కన్ను.

కిందటి చలికాలంలో వీధిలో ఎడం పక్కనుంచి వచ్చిన సైకిలు గుద్దితే ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు దీపాలార్పి, యంత్రంలో గడ్డం పెట్టించి చాలాసేపు చూశాడు. "ఎదర చూపు బాగానే ఉంది. పక్క చూపు పోతోంది. పోయింది ఇక రాదు. ఉన్నది పోకుండా చుక్కలు వేసుకోండి," అన్నాడు. చుక్కల సీసా గుండీల డబ్బాలో అడుగున పడింది. మాట మాస్టరు కడుపులో పడింది.

ఇంట్లో చెబితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఇల్లాలు ఏడుస్తుంది, రోజూ వేళకి చుక్కలు వేస్తుంది, సంతకెళ్తే చెయ్యి పట్టుకుంటుంది. కానీ ఆవిడకి తెలిస్తే పాస్టరుగారికి తెలుస్తుంది. పాస్టరుగారికి తెలిస్తే పళ్ళెం దించాలి. బెంచీల మధ్య దారి ఇరుకు, మధ్యలో ఒక మెట్టు. పక్కలు కనపడని వాడి చేతికి సంస్కారపు రొట్టె ఎవరిస్తారు? చేతులు వణికే ఒక పెద్దాయన్ని అలాగే ఎంతో మర్యాదగా ముందు బెంచీలో కూర్చోబెట్టడం మాస్టరు చూశాడు. ఆ మర్యాదకి ఆ పెద్దాయన ముఖం ఎలా చిన్నబోయిందో కూడా చూశాడు.

మాస్టరు సూది గుచ్చి కోటు పక్కన పెట్టాడు. పని సాగేట్టు లేదు. సాగనప్పుడు మనసు ఊరుకుంటుందా, పాత దారులన్నీ తిరిగొస్తుంది.

తనని ఎన్నుకున్న రోజు గుర్తొచ్చింది. బ్యాంకు మేనేజర్లూ హెడ్మాస్టర్లూ ఉన్న సభలోకి కుట్టుపనివాడి పేరు వచ్చేసరికి, చదివినాయన చీటీని కళ్ళజోడు తీసి ఇంకోసారి చదివాడు. చేతులుంచే ఆదివారం అప్పట్లో నడిపే కొట్లోంచి పరుగు పరుగున వచ్చి మోకరించాడు. తల మీద ఒక్కొక్క చెయ్యీ వచ్చి పడుతోంది. బరువైన చెయ్యి, తేలిక చెయ్యి, సుద్దవాసన వేసే లెక్కల పంతులుగారి చెయ్యి. మెడ వంచి ఆ బరువు మోస్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. లేచాక గుడంతా ముసిముసి నవ్వులు. ఏమిటా అని చూసుకుంటే మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. చాలా ఏళ్ళు ఆయన్ని అందరూ 'టేపు పెద్ద' అనే పిలిచారు. బావమరిదే పెట్టాడా పేరు. అప్పుడు వాడు తాగేవాడు కాదు, పాడేవాడు.

లెక్కల పంతులుగారు ఆయన్ని సైకిలు వెనక ఎక్కించుకుని ఇంటింటికీ తిప్పారు. "ఎవరింటికి వెళ్ళినా ముందే ప్రార్థన మొదలెట్టకు. ముందు మంచినీళ్ళడిగి తాగు," అనేవారు. "ఎందుకండీ?" అంటే, "వాళ్ళ దగ్గర నీకివ్వడానికి ఏదో ఉందని వాళ్ళకి తెలియొద్దూ?" అనేవారు. పళ్ళెం పట్టడం కూడా ఆయనే నేర్పారు. ఖాళీ గుడిలో, చేతిలో కొట్లోంచి తెచ్చిన ఇస్త్రీ బల్ల ముక్కతో. తొందరపడకు, మనిషి దగ్గర ఆగు, ముఖం చూడకు, చెయ్యి చూడు. ముఖాలు చూస్తే ఎవరు ఎలాంటివారో గుర్తొస్తుంది, చేతులకి ఆ గొడవ లేదు.

ఎంత మంచి రోజులవి! ఇరుగింటి జ్వరానికీ పొరుగింటి పెళ్ళికీ పిలుపు వచ్చేది. మొగుడూ పెళ్ళాల పోట్లాటల్లో మధ్యన కూర్చుని ఇద్దరి చేతా చీవాట్లు తిన్నాడు. పోయినవాళ్ళకి ఆఖరి కోటు కుట్టి, వాళ్ళ పెట్టె మోసి, ఇంటికొచ్చి అన్నం సహించక పడుకున్నాడు. ఆయన కుట్టిన కోట్లు చిరిగిపోయి ఉంటాయి. ఆ పని మాత్రం తన ఒంటి మీద సరిగ్గా కుదిరిందని మాస్టరుకి ఇప్పటికీ నమ్మకం.

"మాస్టరు గారూ, ఉన్నారా?"

*

వచ్చినాయన పాస్టరుగారు. కుర్రాడే, మాస్టరు కూతురి కంటే నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో. గుడ్డముక్కలు పక్కకి జరిపి స్టూలు మీద కూర్చున్నాడు.

"సాయంత్రం పెద్దల సభ పిలిచానండీ."

"తెలుసయ్యగారూ."

"సంఘమంతా ఇదే మాట. సభకి తెలియకుండా మాస్టరుగారు తన సొంత బావమరిదికి రొట్టె ఆపారని. ఏ పెద్దకీ ఒంటరిగా ఏ అధికారమూ లేదు, అందరూ కూర్చుని ప్రార్థించి నిర్ణయిస్తేనే అధికారం. ఈ మాట నేను కొత్తగా వచ్చినప్పుడు మీరే నాకు చెప్పారు."

"చెప్పాను."

"మన పెద్దల్లో బ్యాంకు ఎల్డరుగారు మిమ్మల్ని పక్కన పెట్టాలంటున్నారు. ఇంట్లో తగువులు బల్ల దగ్గరికి తెస్తే ఇక సంఘం ఎందుకూ అంటున్నారు." పాస్టరుగారు సుద్దముక్క తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. "నన్ను సూటిగా అడగనివ్వండి. కావాలని చేశారా?"

"లేదయ్యగారూ."

"పొరపాటేనా?"

"పొరపాటే."

పాస్టరుగారి ముఖం విప్పారింది. "అయితే ఇంకేం! సభలో ఆ ఒక్క మాట చెప్పండి. వచ్చే బల్ల రోజున మీ చేత్తోనే ఆయనకి పళ్ళెం అందించండి. అంతటితో సరి."

"ఎలాంటి పొరపాటని అడిగితే?"

"అడిగితే చెప్పండి. మనలో మనకి దాపరికం ఏముంది?"

మాస్టరు తల ఊపాడు. పాస్టరుగారు లేచి, గుమ్మం దగ్గర ఆగి, "ఆయన్ని కూడా రమ్మని కబురు పెట్టాను. వస్తారో రారో," అని వెళ్ళిపోయాడు. పాపం, ఎంత తేలిగ్గా తేల్చేశాడు! మాస్టరు పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. పొరపాటంటే కారణం చెప్పాలి. కారణం చెబితే పళ్ళెం పోతుంది. కారణం చెప్పకపోతే ఇల్లాలు పోయేట్టుంది.

చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. ఎడం పక్క గోడ వెంట, చేత్తో తడుముకోనట్టు తడుముకుంటూ.

*

బావమరిది బస్సు డ్రైవరు. రాత్రి డ్యూటీ కాబోలు, ముందు వసారాలో కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు. వచ్చిన మనిషిని చూసి కూడా బ్రష్ ఆపలేదు.

"కాసిని మంచినీళ్ళిస్తావా?" అన్నాడు మాస్టరు.

డ్రైవరు లేచి, చేతులు కడుక్కుని, నీళ్ళు తెచ్చాడు. మాస్టరు నించునే తాగాడు.

"ఎందుకొచ్చారు?"

పెళ్ళయినప్పటినుంచీ 'బావా, నువ్వు' అన్న నోటితో 'మీరు' అన్నాడు. మాస్టరుకి ఆ మర్యాద గుండెలో గుచ్చుకుంది.

"ఆదివారం సంగతి మాట్లాడదామని."

"మాట్లాడేదేముంది? అక్క రమ్మంటే వచ్చాను. ఆలస్యమైంది, బెంచీల్లో చోటు లేక ఎవరో కుర్చీ తెచ్చి స్తంభం పక్కన వేశారు. పాట వినపడుతుంటే చిన్నప్పటి రోజులన్నీ గుర్తొచ్చాయి. నువ్వొస్తున్నావు... మీరొస్తున్నారు. సంతోషమేసింది. బావ చేత్తోనే తీసుకుంటాను కదా అనుకుని చెయ్యి చాపాను." బ్రష్ మళ్ళీ అందుకున్నాడు. "నేను ఒకప్పుడు తాగుబోతునే. కాదనను. కానీ ఒక్క మాట చెప్పండి. కావాలనే చేశారా?"

"నువ్వు కనపళ్ళేదురా."

డ్రైవరు నవ్వాడు. ఆ నవ్వులో ఏ కోశానా సరదా లేదు. "నన్నా? ఇంత బండ మనిషినా?"

"అక్కడ ఎప్పుడూ కుర్చీ ఉండదు. బెంచీలు నాకు అలవాటు. ఎక్కడ ఎవరి చెయ్యి వస్తుందో కాళ్ళకే తెలుసు. నువ్వు ఎడం పక్కన ఉన్నావు."

"ఎడం పక్కన ఉంటే?"

మాస్టరు ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టాడు. డ్రైవరు బ్రష్ కింద పెట్టి మెల్లగా లేచాడు. ఏదో తట్టినట్టు ఆయన్నే చూస్తూ ఎదురుగా వచ్చి నించున్నాడు.

"నా ముక్కు వైపు చూడు. కళ్ళు కదపకు. డిపోలో ఏటేటా మాకిది చేస్తారు." చెయ్యి పక్కకి బారజాపాడు. "ఎన్ని వేళ్ళు?"

"వేళ్ళేవీ?"

చెయ్యి కొంచెం ముందుకి తెచ్చాడు. "ఇప్పుడు?"

"చెయ్యి ఎత్తావా అసలు?"

ఇంకొంచెం. ఇంకొంచెం. చెయ్యి దాదాపు ముఖం ముందుకి వచ్చేసింది.

"రెండు," అన్నాడు మాస్టరు.

డ్రైవరు చెయ్యి దానంతటదే కిందకి జారింది. "బావా!" అన్నాడు. "ఇది ఎప్పుడొచ్చింది నీకు? ఇలా ఉంటే మాకు స్టీరింగు ముట్టుకోనివ్వరు."

"నాకూ పళ్ళెం ముట్టుకోనివ్వరు. ఎవరితోనూ అనకురా. మీ అక్కకి కూడా తెలియదు."

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. అలా పక్కపక్కన కూర్చుని ఎన్నేళ్ళయిందో.

"ఆ పళ్ళెమంటే అంత ఇదా బావా?"

"నాకు ప్రసంగం చెప్పడం రాదు. నా ప్రార్థన నాలుగు ముక్కల్లో అయిపోతుంది. సభలో బ్యాంకాయన మాట్లాడుతుంటే సగం అర్థం కాదు. నాకు చేతనయింది ఒక్కటే, ఒక్కో మనిషి దగ్గరా ఆగడం." మాస్టరు తన అరచేతులు చూసుకున్నాడు. "చాకలామె వేళ్ళు నీళ్ళల్లో నాని ముడతలు పడి ఉంటాయి. మెకానిక్కు గోళ్ళు ఎంత రుద్దినా నలుపు పోదు, అందుకని సిగ్గుపడి పిడికిలి సగమే విప్పుతాడు. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఉంగరం కనపడేట్టు చాపుతుంది. అవన్నీ చూస్తూ ముసలాణ్ణయిపోయాను. వాళ్ళందరినీ చూసిన వాణ్ణి, నిన్ను చూడలేకపోయాను."

డ్రైవరు మెడ వంచుకుని బూటు లేసు ముడి వేస్తూ, విప్పుతూ ఉండిపోయాడు.

"వెళ్ళు బావా," అన్నాడు చివరికి. "సాయంత్రం వస్తాను."

ఏం చెప్తాడో చెప్పలేదు. మాస్టరు అడగలేదు.

*

గుడి వెనక సభ గది. పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు, గోడ వారగా ఒక బెంచీ. పాత పాటల పుస్తకాల వాసన. గోడ మీద పోయిన పెద్దల ఫోటోలు. లెక్కల పంతులుగారు అందులో కూడా ఎవరో లెక్క తప్పు చేసినట్టే చూస్తుంటారు. మాస్టరు అందరికంటే ముందు వచ్చి తన మామూలు కుర్చీలో కూర్చున్నాడు. ఇదే గదిలో ఎన్ని వాదులాటలు, ఎన్ని రాజీలు! వాన కారే కప్పు గురించి కొట్టుకున్న మనుషులే, మర్నాడు ఒకే నిచ్చెన పట్టుకుని ఆ కప్పు బాగుచేశారు.

మిగతా పెద్దలు వచ్చారు. బ్యాంకు ఎల్డరు పలకరించకుండా కూర్చున్నాడు. ప్రార్థన జరుగుతుండగా పక్క తలుపు కిర్రుమంది, పాలిష్ బూట్ల చప్పుడు లోపలికి వచ్చింది. మాస్టరు కళ్ళు తెరిచేసరికి డ్రైవరు బల్లకి ఆ చివర, ఆయన కెదురుగా నించుని ఉన్నాడు.

"కూర్చోండి," అన్నాడు పాస్టరుగారు.

"రెండు ముక్కలు చెప్పి వెళ్తానండి. మీరంతా అనుకుంటున్నది తప్పు. మా బావ పళ్ళెం ఆపలేదు." గొంతు సవరించుకున్నాడు. "నేనే వద్దన్నాను. చెయ్యి చాపాను గానీ, దగ్గరికొచ్చేసరికి పాత కోపం గుర్తొచ్చి తల అడ్డంగా ఊపాను. ఆయన పాపం ముందుకెళ్ళిపోయాడు. తప్పు నాది."

"నేను అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు బ్యాంకు ఎల్డరు. "తీరా వచ్చి బల్ల దగ్గర ప్రభువు రొట్టెని కాదంటాడూ? ఇలాంటి వాళ్ళని పిలుచుకురావడం మనదే బుద్ధితక్కువ. సరే, మాస్టరు తప్పు లేదని రాసుకుందాం."

గదిలో కుర్చీలు కదిలాయి, ఊపిర్లు తేలికయ్యాయి. పాస్టరుగారు మాత్రం మాస్టరు వైపే చూస్తున్నాడు.

"అంతేనా మాస్టరు గారూ?"

ఒక్కసారి తల ఊపితే చాలు. పళ్ళెం ఉంటుంది, పేరుంటుంది, రేపటినుంచి సంఘంలో నమస్కారాలూ ఉంటాయి. పోయేది ఒక్క డ్రైవరు పరువు. అది ఎప్పుడో పోయిందని అందరూ అనుకుంటున్నదే. మాస్టరు మెడ నిజంగానే కొంచెం కిందకి వంగింది. ఎదురుగా వాడు నించుని ఉన్నాడు, ఊపు బావా అన్నట్టు, నిబ్బరంగా.

"కాదండీ," అన్నాడు మాస్టరు.

"బావా, ఊరుకో."

"నువ్వూరుకోరా. అయ్యగారూ, వాడు వద్దనలేదు. చెయ్యి చాచాడు. నేనే వాణ్ణి చూడలేదు."

"ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదంటే నమ్మడానికి మేం చెవుల్లో పువ్వులు పెట్టుకుని కూర్చోలేదు మాస్టరూ," అన్నాడు బ్యాంకు ఎల్డరు.

"ఎదురుగా ఉంటే కనపడేవాడండీ. పక్కన ఉన్నాడు. పక్కనున్న వాళ్ళు నాకు కనపడరు. కళ్ళు పోతున్నాయి. డాక్టరు చెప్పాడు. పళ్ళెం తీసేస్తారని నేను చెప్పలేదు."

బ్యాంకు ఎల్డరు పక్కనున్నాయన కేసి చూసి నవ్వాడు. "బాగుంది. పొద్దున్న మా ఇంటి కోటుకి కాజాలు కుట్టిన మనిషి! సరే, తల తిప్పకుండా చెప్పండి చూద్దాం. ఇప్పుడు మీ ఎడం పక్కన ఎవరున్నారు?"

మాస్టరు పాస్టరుగారి మీదనుంచి చూపు కదపలేదు. ఎడం పక్క గోడ వార బెంచీ ఉంటుంది. దాని మీద సభవాళ్ళెవరూ కూర్చోరు.

"ఎవరూ లేరండీ. ఖాళీ బెంచీ."

ఎవరూ నవ్వలేదు. డ్రైవరు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. ఏదో జరిగిందని మాస్టరుకి తెలిసింది, ఏమిటో తెలియలేదు. అప్పుడు చేతికందేంత దూరంలో ఎవరో ఏడుపు ఆపుకున్న చప్పుడు వినిపించింది. ఆయన తల మొత్తం తిప్పి చూశాడు.

బెంచీ మీద ఇల్లాలు కూర్చుని ఉంది. తమ్ముడితో కూడా వచ్చినట్టుంది. ప్రార్థన మొదలైనప్పటినుంచీ అక్కడే, ఆయన పక్కనే ఉంది.

"ఎప్పటినుంచి?" అని అడిగింది.

"చలికాలంనుంచి."

"చలికాలంనుంచి," అందావిడ. "డాక్టరుకి చెప్పారు. మా తమ్ముడికి చెప్పారు, వాడి ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఇప్పుడు వీళ్ళందరికీ చెప్పారు. ఒకే కంచంలో తిని, ఒకే పక్కలో పడుకుని, నేను పరాయిదాన్నయ్యానా మీకు? మీరు వాడికి రొట్టె పెట్టలేదని కోపం తెచ్చుకున్నాను. అది చిన్నది. ఇప్పుడు తెలిసింది పెద్దది."

"అది కాదే..."

"అమ్మా, మీరు కాస్త కూర్చోండి," అన్నాడు పాస్టరుగారు, సగం లేచి.

"మీ సభ కానివ్వండి అయ్యగారూ. ఆయన పళ్ళెం ఉంచుతారో, తీస్తారో మీరు చూసుకోండి. ఆయన ఇంటికొస్తే తలుపు తియ్యాలో వద్దో నేను చూసుకుంటాను."

ఆవిడ లేచింది. ఆ గదికి రెండు తలుపులు. ఏ తలుపులోంచి వెళ్ళిందో తెలియక మాస్టరు తల అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు.